అంచున ఉన్న మచ్చ

మొన్న సెకండ్ బీఎస్సీ క్లాసులో ఒక గెలాక్సీ క్లస్టర్, అంటే గెలాక్సీల పెద్ద గుంపు, దొరికిన కథ చెప్పాను. చెప్పడం అయ్యాక కిటికీ పక్కన కూర్చునే అబ్బాయి, "అయితే లక్కే కదా మేడమ్!" అన్నాడు. చాలామంది తలలూపారు. ఈలోగా బెల్లు కొట్టారు. జవాబు చెప్పకుండానే బయటికొచ్చేశాను. స్కూటీ మీద ఇంటికి వస్తున్నంతసేపూ ఆ మాట నన్ను వదల్లేదు. లక్ అనడం తప్పని నాకు గట్టిగా తెలుసు. ఎందుకు తప్పో మాత్రం రెండు వాక్యాల్లో చెప్పలేను. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ముందు ఆ కథ. ఎక్స్‌ఎంఎం-న్యూటన్ అని యూరప్ వాళ్ల ఎక్స్‌రే టెలిస్కోపు ఒకటి ఉంది. 1999 డిసెంబరు 10న అంతరిక్షంలోకి వెళ్లింది, ఇప్పటికీ పనిచేస్తోంది. 2001లో దాన్ని ఎన్‌జీసీ 7314 అనే దగ్గరి గెలాక్సీ వైపు తిప్పి పన్నెండు గంటలకు పైగా చూశారు. వాళ్లకు కావలసింది ఆ గెలాక్సీయే. అది బాగానే వచ్చింది. అయితే ఆ టెలిస్కోపు ఒకసారి చూస్తే ఆకాశంలో నిండు చంద్రుడంత ముక్క పడుతుంది. కావలసిన గెలాక్సీ అందులో ఒక చుక్క. మిగతాదంతా అడగకుండా వచ్చిన ఆకాశం. అందులో ఒక పక్కన చిన్న మసక మచ్చ ఉంది. అన్ని గంటల్లో ఆ మచ్చ నుంచి వచ్చిన ఫోటాన్లు, అంటే వెలుగు రేణువులు, సుమారు 280. అంటే రెండు మూడు నిమిషాలకు ఒక్కటి. 2005లో క్రిస్టఫర్ మల్లిస్, పియెరో రోసాటీ, హాన్స్ బ్యోరింగర్, వారి సహచరులు ఆ మచ్చ ఏమిటో ప్రకటించారు. దాదాపు 900 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న భారీ గెలాక్సీ క్లస్టర్ అది. అంత దూరాన అంత పెద్దది అప్పటికి మరొకటి తెలియదు. పేరు ఎక్స్‌ఎంఎంయూ జే2235.3-2557. పేరు చూసి భయపడనక్కర్లేదు, అది ఆకాశంలో దాని చిరునామా, అంతే.

ఇంతే చెప్పాను. వెతకబోయిన తీగ కాలికి తగలడం అంటారే, అలా వినిపించింది పిల్లలకి. అసలు వాళ్లు వెతకబోయింది కూడా ఆ తీగ కాదు కదా అని ఇంకో అమ్మాయి అంది.

ఇక్కడ మా నాన్న గురించి చెప్పాలి. ఆయన ముప్పై ఏళ్లకు పైగా ఎక్స్‌రే టెక్నీషియన్. డిజిటల్ రాకముందు రోజులు. డార్క్‌రూమ్‌లో ఎర్రలైటు, డెవలపర్ వాసన, ఫిక్సర్ వాసన, క్లిప్పులకు తగిలించి ఆరబెట్టిన ఫిల్ములు. చిన్నప్పుడు స్కూలు అయ్యాక నేను అక్కడే హోంవర్కు చేసుకునేదాన్ని. ఆరిన ఫిల్మును నాన్న ఎప్పుడూ అంచులు పట్టుకునే ఎత్తి లైటు పెట్టె మీద పెట్టేవారు. ముందు డాక్టరు అడిగింది చూసేవారు కాదు. నాలుగు అంచులూ చూసి, ఆ తర్వాత మధ్యకు వచ్చేవారు. "అడిగింది ఎలాగూ చూస్తాం. అడగనిదే మర్చిపోతాం" అనేవారు.

ఒకసారి రైసు మిల్లులో బస్తాలు మోసే ఒకాయన భుజం నొప్పితో వచ్చాడు. భుజం ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తి పైకొన కూడా కాస్త పడుతుంది. ఆ కొనలో రూపాయి బిళ్లంత నీడ ఉందని నాన్న డాక్టరుకు చూపించారు. డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, పాత ఫిల్ము ఉందా అని. ఉండాలి. నాలుగేళ్ల కిందట దగ్గు వస్తే ఆయనకు అక్కడే ఛాతీ ఎక్స్‌రే తీశారు. పాతదాంట్లోనూ ఆ నీడ అంతే ఉంటే ఎప్పటిదో మానిన మచ్చ, భయం లేదు. లేకపోతే కొత్తది, వెంటనే పరుగెత్తాలి. నాన్న రికార్డు గదికి వెళ్లారు. బీరువా ఖాళీ. ఫిల్ముల్లో వెండి ఉంటుంది, దాని కోసం పాత ఫిల్ములు కిలోల లెక్కన కొనేవాళ్లుంటారు. నాలుగేళ్లవన్నీ గోతాల్లో వెళ్లిపోయాయి. ఆయన పట్నం వెళ్లి పరీక్షలన్నీ చేయించుకోవలసి వచ్చింది. నెలన్నర టెన్షన్. ఖర్చులకు గేదెను అమ్ముకున్నాడు. ఆఖరికి తేలింది, అది పాత టీబీ మానిన మచ్చ. అమ్మేసిన ఆ ఒక్క ఫిల్ము ఉండి ఉంటే అయిదు నిమిషాల్లో తేలేది.

ఆ గోతాల సంగతి నా మనసులో ఉండబట్టే, లక్ అన్న మాట వినగానే నాకంత పట్టింది.

ఇప్పుడు ఆకాశం సంగతికి వద్దాం. క్లస్టర్ అంటే వందలు, ఒక్కోసారి వేల గెలాక్సీలు ఒకదాన్నొకటి గురుత్వాకర్షణతో పట్టుకుని ఉన్న గుంపు అని పుస్తకాల్లో ఉంటుంది. మామూలు టెలిస్కోపుతో చూస్తే కనిపించేది కూడా అదే. 1958లో జార్జ్ ఏబెల్ అనే శాస్త్రవేత్త అమెరికాలోని పాలోమార్ అబ్జర్వేటరీలో తీసిన ఫోటో ప్లేట్లను కళ్లతో ఒక్కొక్కటే చూసి 2,712 క్లస్టర్ల జాబితా తయారుచేశాడు. ఎంత ఓపికో! కానీ ఆ పద్ధతిలో ఒక చిక్కు ఉంది. రాత్రిపూట గోదావరి గట్టు మీద నిలబడి చూస్తే అవతల ఒడ్డున ఉన్న ఊరి దీపాలు, దాని వెనక మూడు మైళ్ల దూరంలో ఉన్న ఇంకో ఊరి దీపాలు కలిసిపోయి ఒకే పెద్ద ఊరిలా కనిపిస్తాయి. ఆకాశంలోనూ అంతే. దూరం పెరిగేకొద్దీ ఆ పొరపాటు పెరుగుతుంది. ముందూ వెనకా ఉన్న సంబంధం లేని గెలాక్సీలు ఒక గుంపులా మోసం చేస్తాయి.

ఎక్స్‌రేల్లో చూస్తే ఈ మోసం చాలావరకు పోతుంది. 1970 డిసెంబరు 12న కెన్యా తీరం దగ్గర సముద్రంలోని వేదిక నుంచి ఉహురు అనే చిన్న ఉపగ్రహం పైకి వెళ్లింది. ఆ రోజు కెన్యా స్వాతంత్ర్య దినం, స్వాహిలీలో ఉహురు అంటే స్వేచ్ఛ. క్లస్టర్లు ఎక్స్‌రేల్లో వెలుగుతున్నాయని, ఆ వెలుగు ఏదో ఒక గెలాక్సీది కాక గుంపు మొత్తం పరుచుకుని ఉందని అది చూపించింది. ఎందుకంటే గెలాక్సీల మధ్య ఖాళీ అనుకున్న చోటు ఖాళీ కాదు. అక్కడ వాయువు ఉంది. ఘనమీటరుకు వెయ్యి కణాల లెక్కన ఉంటుంది. మన గదిలో గాలితో పోలిస్తే అది ఏమీ లేనట్టే. కానీ లోపలికి పడుతూ పడుతూ ఒకటి నుంచి పది కోట్ల డిగ్రీలకు వేడెక్కిపోయింది, అందుకే ఎక్స్‌రేలు చిమ్ముతుంది. 1976లో ఏరియల్ 5 ఉపగ్రహం పెర్సియస్ క్లస్టర్‌లో వేడెక్కిన ఇనుము గీతను (ఇనుము మాత్రమే ఇచ్చే ప్రత్యేకమైన ఎక్స్‌రే గుర్తును) పట్టుకున్నాక ఇది వేడి వాయువేనని అనుమానం తీరింది. క్లస్టర్‌లో ఉన్న నక్షత్రాలన్నీ కలిపినా ఈ వాయువు వాటికంటే ఎన్నో రెట్లు బరువు. ఇక అన్నిటికంటే బరువు కంటికి కనపడని కృష్ణపదార్థం, మొత్తంలో అయిదింట నాలుగు వంతులకు పైనే. మరి దాన్ని గెలాక్సీల క్లస్టర్ అని ఎందుకు పిలవాలి? నాకు ఆ పేరే నచ్చదు. తిరనాళ్లకు వచ్చిన జనాన్ని వదిలేసి వాళ్ల చేతుల్లో దీపాలను బట్టి పేరు పెట్టినట్టుంది.

ఈ వాయువు వెలుగు సాంద్రత వర్గాన్ని బట్టి ఉంటుంది. రెట్టింపు చిక్కగా ఉంటే నాలుగింతలు వెలుగుతుంది. కాబట్టి నిజంగా ఒకచోట గుమిగూడిన వాయువు మాత్రమే ఎక్స్‌రేల్లో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ముందూ వెనకా పలచగా ఉన్న రెండు మేఘాలు కలిసి అంత వెలుగు ఇవ్వలేవు. ఊళ్ల దీపాల మోసం ఇక్కడ సాగదు.

నాన్నకు ఇదంతా చెప్పినప్పుడు ఆయనకొచ్చిన మొదటి అనుమానం, ఎక్స్‌రే వేసేది ఎవరు అని. ఎవరూ వేయరు. ఆసుపత్రిలో ట్యూబు ఎక్స్‌రేలు పంపిస్తుంది, మన ఒళ్లు అడ్డుపడుతుంది, ఆ నీడ మనం చూస్తాం. ఆకాశంలో వస్తువే వెలుగుతుంది. అయితే మన వాతావరణం ఆ ఎక్స్‌రేలను కిందికి రానివ్వదు, అందుకే టెలిస్కోపు పైకి వెళ్లాలి. అద్దం కూడా మామూలుగా పెడితే పనిచేయదు, ఎక్స్‌రేలు అందులోకి దూసుకుపోతాయి. చెరువు మీద చిల్లపెంకును ఏటవాలుగా విసిరితే ఎగిరి వెళ్తుందే, అలా అద్దాన్ని రాసుకుంటూ పోయేలా చేయాలి. ఎక్స్‌ఎంఎంలో బంగారు పూత పూసిన 58 గొట్టాలు ఒకదానిలో ఒకటి దూర్చి ఉంటాయి. అలాంటి టెలిస్కోపులు మూడు.

నా వాదనకు ప్రాణంలాంటి సంగతి ఇంకొకటి ఉంది. ఈ టెలిస్కోపు తీసేది నిజానికి ఫోటో కాదు. అది రాసేది చిట్టా. కిరాణా కొట్టు పద్దులా ఒక్కో ఫోటాన్‌కు ఒక్కో వరుస ఉంటుంది. ఎప్పుడు వచ్చింది, డిటెక్టర్ మీద ఎక్కడ పడింది, ఎంత శక్తితో వచ్చింది. బొమ్మ తర్వాత మనం గీసుకునేది. ఎన్‌జీసీ 7314 కోసం చూసినవాళ్లు తమకు కావలసిన వరుసలు తీసుకున్నారు. మిగతా వరుసలు అలాగే ఉన్నాయి. సాధారణంగా ఏడాదిపాటు ఆ చిట్టా అడిగినవాళ్ల సొంతం. తర్వాత ప్రపంచంలో ఎవరైనా తీసుకోవచ్చు. పైసా కట్టనక్కర్లేదు.

బ్యోరింగర్ బృందం చేసింది ఇదే, ఇలా బహిరంగమైన పాత పరిశీలనల్లో మిగిలిపోయిన ఆకాశాన్ని పట్టుబట్టి చూడడం. వరుసగా 469 పరిశీలనలు, కలిపితే 76 చదరపు డిగ్రీల ఆకాశం. చుక్కలా ఉన్నవన్నీ పక్కన పెట్టేశారు, ఎందుకంటే చుక్కలు ఎక్కువగా ఏ బ్లాక్‌హోలో అయి ఉంటాయి. కాస్త పరుచుకున్నట్టు ఉన్న మచ్చలను మాత్రమే ఏరారు. ఈ ఏరడం మాటల్లో చెప్పినంత సులువు కాదు. టెలిస్కోపు అంచుల దగ్గర చుక్కలు కూడా సాగి మచ్చల్లా కనిపిస్తాయి. పైగా దూరం పెరిగితే పరుచుకున్న వెలుగు ఘోరంగా పలచబడిపోతుంది. మన మచ్చ ఉన్న దూరానికి లెక్కగడితే ముప్పై రెట్లకు పైగా. ఉన్నదే 280 ఫోటాన్లు, అవీ ఆకాశపు మామూలు ఎక్స్‌రే గుసగుసలో కలిసిపోయి ఉన్నాయి.

తర్వాత ఆ మచ్చ ఉన్నచోట మామూలు ఆకాశ ఫోటోల్లో ఏముందో చూశారు. ఏమీ లేదు. ఇదే వాళ్లకు కావలసింది! దగ్గరి క్లస్టర్ అయితే గెలాక్సీలు కనిపించాలి. కనిపించలేదంటే చాలా దూరంలోనైనా ఉండాలి, లేదా మచ్చే అబద్ధమైనా కావాలి. చిలీలోని పరనల్ కొండ మీద 8.2 మీటర్ల పెద్ద టెలిస్కోపుతో ఎర్ర ఫిల్టర్, పరారుణానికి దగ్గరి ఫిల్టర్ వేసి చూస్తే ఎర్రటి గెలాక్సీల గుంపు ఒకటి బయటపడింది. అక్కడితోనూ ఆగలేదు. ఒక్కో గెలాక్సీ వెలుగును విడదీసి రెడ్‌షిఫ్ట్ కొలిచారు, అంటే వెలుగు ఎరుపు వైపు ఎంత జరిగిందో; దాన్ని బట్టే దూరం తెలుస్తుంది. పన్నెండు గెలాక్సీలకు ఒకే లెక్క వచ్చింది, 1.39. అప్పుడు ప్రకటించారు.

ఇప్పుడు చెప్పండి, ఇందులో లక్ ఎక్కడుంది? ఆ మచ్చ ఆ చిట్టాలో పడడం లక్కే, ఒప్పుకుంటాను. కానీ ఆకాశంలో మచ్చలు ఎక్కడో ఒకచోట పడే తీరతాయి. 469 చోట్ల చూస్తే కొన్ని తగలక మానవు. 2011లో ఆ బృందం ప్రచురించిన జాబితాలో 700 కోట్ల కాంతి సంవత్సరాలకు అవతల ఉన్న క్లస్టర్లు 22 ఉన్నాయి. ఇరవై రెండుసార్లు కలిసొస్తే దాన్ని లక్ అనం, వ్యవసాయం అంటాం.

అయినా ఒక మాట ఒప్పుకోవాలి. ఇలా అంచుల్లో వెతకడమే గొప్ప, మిగతా పద్ధతులు పనికిరావు అని నేను అనడం లేదు. దక్షిణ ధ్రువంలోనూ, చిలీ ఎడారిలోనూ ఉన్న మైక్రోవేవ్ టెలిస్కోపులు విశ్వపు తొలి వెలుగు మీద క్లస్టర్ వాయువు వేసే ముద్రను చూసి క్లస్టర్లను పట్టుకుంటున్నాయి. ఆ ముద్ర దూరంతో పాటు పలచబడదు, కాబట్టి దూరాలకు అది మంచి పద్ధతి. 2016లో తావో వాంగ్ బృందం ప్రకటించిన సీఎల్ జే1001+0220 అయితే 1,110 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అక్కడ ముందు కనపడింది గెలాక్సీల రద్దీయే. కానీ అది నిజంగా క్లస్టరేనా, లేక ఇంకా పోగవుతున్న జనమా అన్నది తేల్చడానికి మళ్లీ చంద్రా ఎక్స్‌రే టెలిస్కోపే కావలసి వచ్చింది. వేడి వాయువు ఉంటే ఇల్లు కట్టడం అయిపోయి పొయ్యి వెలిగించినట్టు. (చంద్రా అన్న పేరు మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్‌దే. ఆ మాట చెప్పినప్పుడల్లా క్లాసులో కాస్త కదలిక వస్తుంది, నాకూ సంతోషంగా ఉంటుంది.)

మచ్చలు మోసం చేయవని కూడా అనను. దూరాల్లో ఉన్న రేడియో గెలాక్సీలు చిమ్మిన ఎలక్ట్రాన్లు కూడా పరుచుకున్న ఎక్స్‌రే మచ్చలు చేయగలవు, అక్కడ క్లస్టర్ లేకపోయినా. 2009లో జేకేసీఎస్ 041 అనే క్లస్టర్‌ను 1,020 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉందని ప్రకటించారు. రంగులను బట్టి వేసిన అంచనా అది. అసలు ఒక గుంపే కాదని వాదించినవాళ్లూ ఉన్నారు. తర్వాత హబుల్ అంతరిక్ష టెలిస్కోపుతో గెలాక్సీల వెలుగును విడదీసి చూస్తే క్లస్టర్ నిజమేనని తేలింది, దూరం మాత్రం కాస్త తగ్గి 990 కోట్లు అయింది. రికార్డు పోయిందని ఎవరైనా బాధపడ్డారేమో తెలీదు, నాకైతే "అన్నిటికంటే దూరం" అన్న పందెం మీద పెద్ద ఆసక్తి లేదు. విశ్వం వయసు ఇంకా మూడో వంతే ఉన్నప్పుడు అంత బరువు ఒకచోట ఎలా చేరిందన్నదే అసలు ప్రశ్న. క్లస్టర్లు ఎంత వేగంగా పెరిగాయో చూసి విశ్వం ఎలా విస్తరిస్తోందో లెక్క కట్టవచ్చు. చంద్రాతో 86 క్లస్టర్లను చూసి అలెక్సీ విఖ్లినిన్ బృందం ఆ లెక్క కట్టింది. విశ్వాన్ని ఇంకా వేగంగా విస్తరింపజేసే డార్క్ ఎనర్జీ ఆ పెరుగుదలను అణచిపెట్టిందని తేల్చింది.

ఇక నన్ను బాధపెట్టే సంగతి. ఈరోసిటా అనే జర్మన్ ఎక్స్‌రే టెలిస్కోపు 2019 జులై 13న రష్యా ఉపగ్రహం మీద బైకనూరు నుంచి వెళ్లింది. ఆకాశం మొత్తాన్ని పదే పదే తుడిచి చూడడం దాని పని. ఒప్పందం ప్రకారం సగం ఆకాశం డేటా జర్మనీది, సగం రష్యాది. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలవగానే దాన్ని నిద్రపుచ్చారు. 2024 జనవరి 31న జర్మన్లు తమ వాటా నుంచి మొదటి విడత బయటపెట్టారు. అందులో తేలిన క్లస్టర్లు 12,247. సగం ఆకాశంలోనే అన్ని! మిగతా సగం చూసే హక్కు ఎవరికి ఉండాలన్నది నా దృష్టిలో ప్రశ్నే కాదు. 900 కోట్ల సంవత్సరాలు ప్రయాణం చేసి వచ్చిన ఫోటాన్ ఏ దేశపు సొత్తు?

మన దగ్గరికి వస్తే, ఎక్స్‌రే ఖగోళం మనకు కొత్త కాదు. హైదరాబాదు నుంచి టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 1968 నుంచే పెద్ద బెలూన్లకు ఎక్స్‌రే పరికరాలు కట్టి నలభై కిలోమీటర్ల దాకా పంపుతున్నారు. ఇప్పటికీ ఆ బెలూన్ పరికరాలు విశాఖపట్నం, హైదరాబాదు, షోలాపూర్ మధ్య ఎక్కడైనా దిగవచ్చు, ముట్టుకోకండి అని పేపర్లో ప్రకటన వస్తుంది. క్లస్టర్ల మెత్తని (తక్కువ శక్తి ఉన్న) ఎక్స్‌రేలు అంత ఎత్తులో కూడా మిగిలిన గాలిలో ఆగిపోతాయి, అది వేరే సంగతి. 2015 సెప్టెంబరు 28న మన శ్రీహరికోట నుంచే ఆస్ట్రోశాట్ అనే మన ఖగోళ ఉపగ్రహం వెళ్లింది. దాని ఎక్స్‌రే టెలిస్కోపు చూపు దూరపు క్లస్టర్లను విడదీసేంత పదును కాదు. అది నిజం. కానీ 2018లో ఇస్రో ఆ డేటాను అందరికీ తెరిచింది. నాకు అదే పెద్ద వార్త. మా కాలేజీలో టెలిస్కోపు లేదు, ల్యాబులో ఉన్న స్పెక్ట్రోమీటర్లు రెండిట్లో ఒకటే పనిచేస్తుంది. కానీ నెట్ ఉంది. ఎక్స్‌ఎంఎం చిట్టాలూ, చంద్రా చిట్టాలూ, ఆస్ట్రోశాట్ చిట్టాలూ తీసుకోవడానికి ఏ సిఫార్సూ అక్కర్లేదు. లక్ అన్న మాట మా పిల్లల నోట వింటే నాకు కష్టమనిపించేది ఇందుకే. లక్ అయితే అది ఎక్కడో జర్మనీలోనో, చిలీలోనో ఉన్నవాళ్లకు తగిలేది, మనం చప్పట్లు కొట్టాలి. అది పని అయితే మనం కూడా చేయొచ్చు.

నిన్న రాత్రి ఇదంతా రాస్తూ నాన్నను అడిగాను. ఇప్పుడు ఆయనకు డెబ్బై ఆరు. ల్యాప్‌టాప్‌లో ఆ మచ్చను చూపిస్తే కళ్లద్దాలు పైకి జరిపి, అలవాటుగా ముందు నాలుగు అంచులూ చూశారు.

"280 అంటే మరీ తక్కువమ్మా. ఇంత లైట్ ఎక్స్‌పోజర్ మీద నేనైతే రిపోర్టుకు పంపను. రిపీట్ తీశారా?"

"తీశారు నాన్నా. చంద్రాతో రెండు రోజులకు పైగా చూశారు. పది కోట్ల డిగ్రీల వాయువు అని తేలింది."

ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగారు. "పాతది పారేయలేదుగా?"

"లేదు. అలాగే ఉంచారు."

"ఊఁ" అని కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.